వాసన చూశావా, అడిగావా

పాలు మాడిన వాసన వీధి చివరి టైలరుకి తెలిసింది. పొయ్యి పక్కనే పీట వేసుకుని కూర్చున్న మా అత్తయ్యకి తెలియలేదు. ఆ వర్షాకాలం నా గుండెదడ అక్కణ్ణించి మొదలైంది.

టైలరు గొడుగేసుకుని మరీ వచ్చి, ఏదో మాడుతోంది చూసుకోండమ్మా అని చెప్పి వెళ్ళాడు. నేను దుకాణంలోంచి లోపలికి పరుగెత్తాను. గిన్నె అడుగు బొగ్గులా అయిపోయి వంటగదంతా పొగ. అత్తయ్య తాపీగా ఎవరిదో చొక్కాకి బొత్తాం కుడుతోంది. నేను గిన్నె దింపాక తలెత్తి, దాని వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "పరధ్యానంలో ఉన్నానమ్మాయ్" అంది. పరధ్యానం అనేది మా అత్తయ్యకి ఇంటావంటా లేదు.

మాది లాండ్రీ. ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం, పెరట్లో తొట్లు, బట్టలారేసే తీగలు. బోర్డు మీద ఏం పేరు రాసుందో వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ అది ముక్కావిడ లాండ్రీ. ఆ ముక్కు మా అత్తయ్యది. ఎవరైనా మరక బట్ట తెచ్చి బల్లమీద పెడితే, ఆవిడ దాన్ని ముక్కు దగ్గరికి తీసుకుని, కళ్ళు మూసుకుని, రెండుసార్లు ఊపిరి పీల్చేది. అంతే, చెప్పేసేది. టీ. మిషను ఆయిలు. ఇనప మంచం తుప్పు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేనిదంతా గారడీ అనుకున్నాను. ఒకరోజు మా ఆయన చొక్కా వాసన చూసి, వీడు మళ్ళీ బస్టాండు దగ్గర బజ్జున్నాడు, బెంచీ రంగు ఇంకా పచ్చిగానే ఉంది అంది. ఆయన నిజంగానే అక్కడ కునుకు తీశాడు. అప్పణ్ణించి నోరు మూసుకున్నాను.

ఈ ముక్కు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మరకలన్నీ చూపుకి ఒకేలా గోధుమరంగులో ఉంటాయి గాని వాటి వైద్యాలు వేరు. టీ మరకైతే బట్టని గిన్నె మీద బిగించి కట్టి, సలసలా మరిగే నీళ్ళు ఎత్తు నుంచి ధారగా పోయాలి. నూనెకి ముందు పౌడరు జల్లి పీల్చనివ్వాలి, తర్వాతే సబ్బు. రక్తానికి చన్నీళ్ళూ ఉప్పూ. వేడి తగిలిందా, ఇక అది బట్టతోపాటే చిరుగుతుంది.

మరి ఇంత కష్టపడి వాసన చూసేబదులు, మరక ఎలా పడిందని తెచ్చినవాళ్ళనే అడిగితే పోలేదా? నేనూ అదే అడిగాను, వచ్చిన మొదటి వారంలోనే. అత్తయ్య నన్ను గుమ్మం దాటనివ్వకుండా లోపలికి లాగి చెప్పింది. "అడిగితే ఎవరూ నిజం చెప్పరమ్మాయ్. అబద్ధం చెప్పించామా, ఆ మొహం పెట్టుకుని మళ్ళీ మన గుమ్మం తొక్కలేరు. మన దుకాణంలో అడగడం అనేది లేదు." అత్తయ్యకి వాళ్ళ అత్తగారు చెప్పిన మాటట అది.

వానలు మొదలైన వారానికి అత్తయ్యకి జ్వరం వచ్చింది. పదిరోజులు మంచం పట్టి లేచింది. లేచిన మూడోరోజే పాలు మాడాయి. ఆ తర్వాత నేను కాచుకుని కూర్చున్నాను. భయపడటంలో నన్ను మించినవాళ్ళు మా పుట్టింట్లో కూడా లేరు. వర్షాకాలం బట్టలారవు, ఆరనివి ముక్కిపోతాయి, ఏ మూట విప్పినా గుప్పుమని వాసన కొడుతుంది. ఆ గదిలో కూర్చుని అత్తయ్య ముక్కు చిట్లించలేదు. బట్ట మాత్రం ఎప్పటిలాగే ముక్కు దగ్గర పెట్టుకునేది, కళ్ళు మూసుకునేది. కాకపోతే రెండు ఊపిర్లు కాస్తా నాలుగయ్యేవి, ఐదయ్యేవి. కళ్ళు తెరిచాక బట్టని చూడకుండా నా మొహం చూసేది.

మొదటి తప్పు మెకానిక్ చొక్కాది. గ్రీజు మరకని కూర మరక అనుకుని సబ్బునీళ్ళలో నానేసింది. మధ్యాహ్నం ఆవిడ నడుం వాల్చినప్పుడు నేను దాన్ని తీసి, పిండి, పౌడరు పట్టించి, మళ్ళీ ఉతికి ఆరేశాను. రెండోసారి నాకు తెలిసేలోపే జరిగిపోయింది. ప్రతి సోమవారం మాకు మూట వేసే భోజనాల హోటలు నుంచి రెండు టేబులు గుడ్డలు వెనక్కొచ్చాయి. మేనేజరు చీటీ కూడా పెట్టాడు, ఇలాగైతే వేరేచోట చూసుకుంటామని. మా ఆయన ఆ గుడ్డల్ని నా ముందు పడేసి, చూసుకుని ఉతకొచ్చుగా అన్నాడు. అత్తయ్య ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఉంది.

"నాదే తప్పు. తొందరలో చూసుకోలేదు" అన్నాను నేను.

అత్తయ్య నా వంక చూసి తల తిప్పుకుంది. ఆ చూపుతో నాకు సంగతి ఖాయమైపోయింది. ఆవిడకి వాసన తెలియడం లేదు. నాకు తెలిసిందని ఆవిడకి కూడా తెలుసు. ఇద్దరం ఒకే ఇంట్లో ఒకే రహస్యాన్ని చెరో కొసా పట్టుకుని తిరుగుతున్నాం. నోరు తెరిచి అడగడానికి నాకు ధైర్యం లేదు. ముక్కావిడ లాండ్రీలో ముక్కు పోయిందంటే మిగిలేదేముంది? ఇరవై ఏళ్ళు ఆ బల్ల వెనక రాణిలా కూర్చున్న మనిషిని పట్టుకుని, మీకిక రాదు అని ఎలా చెప్పడం? పైగా ఆ రోజుల్లో నేను వండింది ఏదీ ఆవిడ నోటికి సహించేది కాదు. ఉప్పు లేదంటుంది, కారం లేదంటుంది, గడ్డి తిన్నట్టుందంటుంది. అదొక ఏడుపు నాకు.

అలాంటి సమయంలో గొడుగావిడ వచ్చింది.

ఎండాకాలంలో కూడా గొడుగు లేకుండా గడప దాటదు కాబట్టి ఆ పేరు. రెండు వీధుల అవతల మేడమీద ఒక్కతే ఉంటుంది. భర్త పోయాడు, కొడుకు వేరే ఊళ్ళో ఉద్యోగం. ఆ రోజు ఆవిడ సంచిలోంచి ఒక తెల్ల నూలు శాలువా తీసి బల్లమీద పరిచింది. అంచు పొడవునా తెల్లదారంతో అల్లిన తీగలు, ఆకులు. కొడుకు మొదటి జీతంతో కొన్నదట. అంచుకి దగ్గరగా రూపాయి బిళ్ళంత గోధుమరంగు మరకలు మూడు, వాటి చుట్టూ చిన్న చుక్కలు. ఇంట్లో సబ్బుతో తెగ రుద్దినట్టుంది, అక్కడ నూలు పొంగి ఉంది.

"ఆదివారం వాడొస్తున్నాడు. వాడొచ్చేసరికి ఇది నా భుజం మీద ఉండాలి. లేకపోతే ఏదని అడుగుతాడు" అంది. శనివారానికి ఇవ్వగలరా అని రెండుసార్లు అడిగింది.

అత్తయ్య శాలువా తీసి ముక్కుకి ఆనించుకుంది. నేను లెక్కపెట్టాను. ఏడు ఊపిర్లు. "శనివారం సాయంత్రం రండి అమ్మగారూ, పోతుంది" అంది. ఆవిడ వెళ్ళాక శాలువాని మడిచి పక్కన పెట్టి, రేపు చూద్దాంలే అని లోపలికి వెళ్ళిపోయింది. ఎదురుగా ఉన్న మరకని రేపటికి వాయిదా వేయడం ఆవిడ చేసే పని కాదు.

నేను దాన్ని తీసుకుని పెరటి గుమ్మంలో నిలబడి వాసన చూశాను. సబ్బు. ఇంకోసారి చూశాను. సబ్బే. అయిపోయింది, ఇక హోటలు మూట పోయినట్టే, మన పేరు పోయినట్టే, అత్తయ్య పోయినట్టే అనుకున్నాను. నాకు ఒక భయం వస్తే చుట్టాలందరినీ వెంటబెట్టుకుని వస్తుంది.

మర్నాడు పొద్దున్న గొడుగావిడ వీధిలోనే వేరే ఇంటికి దుప్పట్లు ఇవ్వాల్సి ఉంది. మామూలుగా మా ఆయన వెళ్తాడు. వాన కాస్త తెరిపిచ్చింది, నేనే ఇచ్చొస్తానని బయల్దేరాను. దుప్పట్లు ఇచ్చేసి మేడమెట్లెక్కాను. ఆవిడ తలుపు సగమే తీసింది. నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, ఈ ముసురుకి దగ్గు పట్టుకుంది, దూరంగా ఉండమ్మా అంది. ఎలా అడిగానో నాకే గుర్తులేదు. అత్తవారింట్లో కాలుపెట్టిన రోజునుంచీ ఒక్కసారి కూడా దాటని గీత అది.

"పిన్నిగారూ, ఆ శాలువా మీద మరక దేనిది?"

ఆవిడ ఒక్క క్షణం నన్నే చూసింది. "టీ. టీ ఒలికింది. దేనికి, పోదంటుందా మీ అత్తగారు?" అంది. లేదులెండి, ఊరికే అడిగాను అని మెట్లు దిగేశాను. దిగుతుంటే ఎంత తేలికపడ్డానో చెప్పలేను. టీ అయితే ఏముంది, మా దుకాణంలో అంతకన్నా సులువైన మరక లేదు. ఆవిడ కళ్ళు నా మీంచి పక్కకి జారడం నేను చూశాను. చూసి కూడా చూడనట్టు దిగిపోయాను.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య శాలువా ఒళ్ళో పెట్టుకుని పెరట్లో కూర్చుని ఉంది. ఎంతసేపట్నుంచి కూర్చుందో. ఇప్పుడు నేను చెప్పాలి, అడిగానని మాత్రం తెలియకూడదు. పక్కన కూర్చుని, శాలువా కొస ముక్కు దగ్గర పెట్టుకుని, ఆవిడ చేసినట్టే కళ్ళు మూసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను గానీ చేశాను.

"నాకు టీ వాసనలా ఉందత్తయ్యా."

అత్తయ్య నా వైపు తిరిగింది. పెళ్ళయి వచ్చాక ఆవిడ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. పిల్ల మొదటిసారి అడుగేసినప్పుడు తల్లి చూస్తుందే, అలా చూసింది. "నీకు తెలుస్తోందా?" అంది నెమ్మదిగా. నేను తలూపాను. "సరే మరి, నీళ్ళు మరగబెట్టు" అంది.

పెద్ద గిన్నె మీద శాలువాని బిగించి తాడుతో కట్టాం. మరక సరిగ్గా మధ్యకి వచ్చేలా నేనే సర్దాను. అత్తయ్య స్టూలెక్కి, కళాయి గిన్నెని రెండు చేతులా పట్టుకుని, ఆ ఎత్తు నుంచి సన్నటి ధారగా పోసింది. ఆవిరి లేచింది. టీ మరకైతే ధార పడగానే అంచుల నుంచి లోపలికి పలచబడుతూ వస్తుంది. నేను వంగి చూస్తున్నాను. ఇది పలచబడలేదు. ముదిరింది. గోధుమరంగు కాస్తా మట్టిరంగైంది, కుదించుకుని నూలులోకి దిగిపోయింది.

అత్తయ్య ధార ఆపింది. గిన్నె కింద పెట్టి, స్టూలు దిగి, మరక మీద వేలు పెట్టి చూసింది. అది కాస్త గట్టిగా, పలుకుగా తగిలింది కాబోలు, వేలు అక్కడే ఆగిపోయింది.

"వాసన చూశావా, అడిగావా?" అంది.

అరవలేదు. అరిచినా బాగుండేది. "అడిగాను" అన్నాను. ఇక అక్కడ మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను, మెకానిక్ చొక్కా, టేబులు గుడ్డలు, మేడమెట్లు, అన్నీ. ఏడుస్తూ చెప్పాను. ఆవిడ తొట్టి గట్టు మీద కూర్చుని విన్నది.

"జ్వరం నుంచీ ఏమీ తెలియట్లేదు నాకు. నీ వంట కూడా. నువ్వు బాగానే వండుతున్నావేమో" అంది.

నాకు ఏడుపులో నవ్వొచ్చింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. తడి శాలువాని విప్పి తన భుజాల మీద కప్పుకుంది. నేను ఖంగుతిన్నాను. మరకలు ఉన్న అంచుని పట్టుకుని పైకెత్తితే అది తిన్నగా నోటి దగ్గరికి వచ్చింది. "చూడు. టీ ఒలికితే ఒళ్ళో పడుతుంది, ధారగా పడుతుంది. ఇది చుక్కలు చుక్కలుగా, మూతి తుడుచుకునే చోట ఉంది. ముక్కు పోయిందని ఏడుస్తూ కూర్చున్నాను గాని, కళ్ళు రెండూ ఉన్నాయి కదా, చూసి చావొద్దూ" అంది తనను తనే తిట్టుకుంటూ.

చేతిరుమాలు, సగం తీసిన తలుపు, దగ్గు, దూరంగా ఉండమ్మా అన్న మాట. అప్పటిదాకా నేను భయపడింది మా దుకాణం పేరు గురించి.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తయ్య తన ముక్కు సంగతి కొడుక్కి తనే చెప్పింది. ఆయన కలుపుతున్న చెయ్యి ఆపి, తల్లిని చూసి, నన్ను చూసి, ఆ టేబులు గుడ్డలు కూడానా అని అడిగాడు. అవునంది. ఆయన కంచం తనే కడుక్కున్నాడు, నాది కూడా కడిగాడు. హోటలు మేనేజరుతో నేను మాట్లాడతానులే అన్నాడు. శాలువా సంగతి వచ్చేసరికి మాత్రం, పాత మరక, మా చేతిలో లేదు అని చెప్పి ఇచ్చేద్దాం, ఆవిడ అబద్ధం చెప్పింది కదా అన్నాడు. అత్తయ్య ఒప్పుకోలేదు.

గురువారం, శుక్రవారం, శనివారం. మూడురోజులూ ఆ శాలువాతోనే గడిచాయి. చన్నీళ్ళలో ఉప్పు వేసి నానబెట్టాం, గంటకోసారి నీళ్ళు మార్చాం. గాయాలు కడిగే మందు, రక్తం మీద పోస్తే బుసబుసా నురగొచ్చేది, మా ఆయన మందుల షాపునుంచి తెచ్చాడు. చుక్క చుక్కగా వేసి నురగని దూదితో అద్దాం. పోసిన ప్రతిసారీ బుసలు వచ్చాయి. వచ్చినప్పుడల్లా అది ఏమిటో మాకు మళ్ళీ మళ్ళీ చెప్పినట్టుండేది. ఎండ ఉంటే ఇంకొంచెం లాగేదే, మబ్బు విడవలేదు. మట్టిరంగు గోధుమరంగైంది, గోధుమరంగు లేత పసుపైంది, అక్కడ ఆగిపోయింది.

ఆ మూడురోజుల్లోనే అత్తయ్య నాకు వాసన చూడటం నేర్పింది. సబ్బు పైన ఉంటుంది, దాని కింద వెతకాలంది. మరక మీద ఒక చుక్క నీళ్ళు వేసి, నోటి ఆవిరి పట్టించి, అది చల్లబడేలోపు చూడాలి. శాలువా మీద అలాగే చూశాను. పాత ఇనప తాళం చాలాసేపు పట్టుకున్నాక అరచెయ్యి ఎలా ఉంటుంది, ఆ వాసన. బుధవారం నాకిది తెలిసుంటే ఎంత బాగుండేది అన్నాను. నేనే నేర్పలేదు కదా, నేర్పితే నా కుర్చీ పోతుందనుకున్నాను అంది అత్తయ్య, బట్ట మీంచి తల ఎత్తకుండా.

శనివారం సాయంత్రం వాన జోరుగా ఉంది. నేను గుమ్మం వైపే చూస్తూ ఉన్నాను. ఇస్త్రీ చేసి మడిచిన శాలువా బల్లమీద ఉంది. మడతలో మరక లోపలికి వెళ్ళేలా మా ఆయన మడిచాడు. అత్తయ్య దాన్ని తీసి మరక పైకి వచ్చేలా మళ్ళీ మడిచింది. ఏం చెప్తారత్తయ్యా అని అడిగాను. చెప్పేదేముంది అంది.

గొడుగావిడ వచ్చింది. గొడుగు ముడిచి గోడకి ఆనించి, శాలువా వంక చూసింది. లేత పసుపు మచ్చలు మూడూ చూసింది. చెయ్యి వాటిమీద పెట్టి కప్పేసింది.

"పోలేదా?"

"పోలేదు. మేం వేడినీళ్ళు పోశాం. తప్పు మాదే" అంది అత్తయ్య. నేను చెప్పబోయాను, వద్దని చేత్తోనే ఆపింది. బల్ల వెనక నుంచి ఇవతలికి వచ్చింది. బల్లకి ఇవతల మా అత్తయ్య నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. గొడుగావిడ చేతి మీద తన చెయ్యి వేసి, ఇరవై ఏళ్ళలో ఏ మనిషినీ అడగని మాట అడిగింది.

"ఎన్నాళ్ళనుంచి పడుతోంది వదినా, రక్తం?"

గొడుగావిడ కోపంగా శాలువా లాక్కుని వెళ్ళిపోతుందని, రేపు వీధంతా చెప్తుందని, ఇక మన గుమ్మం ఎవరూ తొక్కరని నేను అనుకుంటూనే ఉన్నాను. ఆవిడ బెంచీ మీద కూర్చుండిపోయింది.

"రెండు నెలలు" అంది. శాలువా ఒళ్ళోకి తీసుకుని, "వాడికి చెప్తే ఉద్యోగం వదిలేసి వచ్చేస్తాడు" అంది.

అత్తయ్య పక్కన కూర్చుంది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు సగమే వినపడింది. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. ఒక మాట మాత్రం విన్నాను. "నాకు ముక్కు పోయిందని నేను దాచుకున్నాను, నా కోడలు నాకోసం ఇంకోటి దాచింది, ఆఖరికి నీ శాలువా పాడైంది" అని అత్తయ్య అంటోంది. ఆవిడ రహస్యం తీసుకుని బదులుగా తన రహస్యం ఇచ్చిందన్నమాట. వెళ్ళేటప్పుడు గొడుగావిడ శాలువాని సంచిలో పెట్టుకోలేదు. కప్పుకుని వెళ్ళింది.

ఆదివారం కొడుకు వచ్చేసరికి దాన్ని కప్పుకునే ఉందట. మచ్చలు పైకి కనబడేలా. ఏమిటమ్మా ఇవి అని వాడు అడిగాడట.

వాడు ఆవిణ్ణి ఆసుపత్రిలో చూపించడానికి తనతో తీసుకెళ్ళాడు, రెండు నెలలు మేడమీద తలుపుకి తాళం ఉంది. ఆ రెండు నెలలూ ఆ వీధిలోకి వెళ్ళినప్పుడల్లా నేను తాళం ఉందా, మనుషులు గుమిగూడారా అని ముందు మలుపులోంచే తొంగిచూసేదాన్ని. దుకాణంలో అత్తయ్య ఇప్పుడు బల్లకి ఇవతల, బెంచీ మీద కూర్చుంటోంది. వచ్చినవాళ్ళతో మాట్లాడేది ఆవిడ. బల్ల వెనక కుర్చీ నాది. హోటలు మూట పోలేదు గాని, మేనేజరు ప్రతి సోమవారం గుడ్డల్ని వెలుగులో పెట్టి చూసి మరీ తీసుకుంటున్నాడు. ముక్కావిడ లాండ్రీ అనే అంటున్నారు అందరూ, ఏ ముక్కో ఎవరికీ పట్టలేదు.

వానలు వెనకబట్టి, తీగల మీద బట్టలు ఒక పూటలో ఆరడం మొదలైన రోజుల్లో, గొడుగు టకటకలాడించుకుంటూ ఆవిడ వచ్చింది. సగానికి సగం అయిపోయింది మనిషి. కానీ తిన్నగా నడుచుకుంటూ వచ్చింది, దగ్గలేదు. సంచిలోంచి అదే శాలువా తీసి నా ముందు పరిచింది. పాత పసుపు మచ్చలు మూడూ అక్కడే ఉన్నాయి. వాటి పక్కన కొత్తది, అరచెయ్యంత గోధుమరంగు మరక.

అత్తయ్య బెంచీ మీంచి లేచి నిలబడింది. ఆవిడ ఏమీ అడగలేదు, గొడుగావిడ ఏమీ చెప్పలేదు. ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

నీళ్ళ చుక్క వేశాను. ఆవిరి పట్టాను. కళ్ళు మూసుకున్నాను. ముందు ఆసుపత్రి మందుల వాసన, దాని కింద సబ్బు, దాని కింద ఇంకోటి. మళ్ళీ చూశాను.

"టీ" అన్నాను.

"టీయే. ఈసారి నిజంగానే" అంది గొడుగావిడ. పక్కున నవ్వింది. అత్తయ్య మళ్ళీ బెంచీ మీద కూర్చుని, పమిట కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఇంకేం, నీళ్ళు మరగబెట్టమ్మాయ్ అంది.

నేను పొయ్యి వెలిగించాను. నీళ్ళు మరిగేలోపు ఆ మరకని ఇంకో రెండుసార్లు వాసన చూశాను.